పరదేశి నాటిన తోట

ఇటలీ దేశపు పటములో పడమటి కొసన, ఫ్రాన్సు సరిహద్దుకు కూతవేటు దూరములో, సముద్రము మీదికి చొచ్చుకొని వచ్చిన ఒక చిన్న కొండకొమ్ము ఉన్నది. దాని మీద ఉన్న గ్రామము పేరు లా మోర్తొలా. ఇండ్లు తక్కువ, మనుషులు తక్కువ, చప్పుడు ఇంకా తక్కువ. కానీ ఆ గ్రామము క్రింద, కొండవాలు మీద, లోకమంతటి నుండి తెచ్చిన మొక్కలతో ఒక తోట ఉన్నది. ఒక వసంతకాలములో ఆ గ్రామమును, ఆ తోటను చూచే భాగ్యము ప్రభువు మాకు దయచేశాడు. అక్కడ చూచినదానిలో కొంత మా మనస్సును సంతోషపెట్టినది, కొంత కలవరపెట్టినది. ఆ రెండూ ఈ పత్రిక కుటుంబముతో పంచుకోవాలని వ్రాస్తున్నాము.

జెనోవా పట్టణము నుండి వెంతిమీల్యా వరకు సుమారు 150 కిలోమీటర్ల రైలు ప్రయాణము. ఒక ప్రక్క కొండలు, ఒక ప్రక్క మధ్యధరా సముద్రము. అపొస్తలుడైన పౌలు ఎక్కిన ఓడ పగిలినది ఈ సముద్రములోనే కదా అని కిటికీలో నుండి చూస్తూ కూర్చున్నాము. రైలు ఒక నిమిషము నీలి నీటిని చూపిస్తుంది, మరు నిమిషము సొరంగములోకి దూరుతుంది. కొండవాలుల మీద పూలు పెంచే గాజు ఇండ్లు వరుసలుగా కనిపిస్తాయి. ఆ తీరమునకు పూలతీరము అనే పేరే ఉన్నది.

వెంతిమీల్యాలో దిగి ఆకలి తీర్చుకోవడానికి వీధిలో వెదికితే, ఒక కొట్టులో పెద్ద ఇత్తడి రంగు పళ్లెములో ఏదో అట్టువంటిది కాలుతూ కనిపించినది. పేరు ఫరినాత. నోట పెట్టుకుంటే ఎరిగిన రుచి! శనగపిండి, నీళ్లు, ఉప్పు, ఒలీవ నూనె – ఇంతే. పిండిని జారుగా కలిపి, మంటపొయ్యిలో కాల్చి, ముక్కలుగా కోసి కాగితములో పెట్టి ఇస్తారు. అంత దూరదేశములో శనగపిండి మమ్మును పలకరించినట్టయినది.

అక్కడ నుండి బస్సులో అయిదారు కిలోమీటర్లు పోతే లా మోర్తొలా. మోర్తొలా అన్న పేరు మర్టిల్ అనే పొదను బట్టి వచ్చినదని చెబుతారు. మన తెలుగు బైబిలులో గొంజిచెట్టు అని ఉన్నది అదే. యెషయా గ్రంథము 55వ అధ్యాయము చివరిలో, పనికిమాలిన ముండ్లపొదల స్థానములో ఎదుగుతుందని ప్రవక్త చెప్పిన చెట్టు ఇదే. చిన్న ఆకులు, తెల్లని పూలు, ఆకు నలిపితే సువాసన. బైబిలులో చదవడమే గాని ఎన్నడూ చూడని చెట్టును ఆ కొండ మీద ముట్టుకొని చూశాము.

రాతికట్టులు

ఆ ప్రాంతములో చదును భూమి దాదాపు లేదు. కొండ నేరుగా సముద్రములోనికి దిగుతుంది. కనుక అక్కడి రైతులు తరతరాలుగా కొండను మెట్లు మెట్లుగా తొలచి, ప్రతి మెట్టుకు రాతికట్టు కట్టి, దాని వెనుక మట్టి నింపి ఒలీవలు, ద్రాక్షలు, నిమ్మలు పెంచారు. ఆ కట్టులలో సున్నము లేదు, సిమెంటు లేదు. రాయి మీద రాయి పేర్చడమే.

తోటలో ఒకచోట కూలిన కట్టును ఒక పనివాడు మరల పేరుస్తూ ఉన్నాడు. సిమెంటు ఎందుకు వేయరని సైగలతోను, వచ్చీరాని ఇంగ్లీషుతోను అడిగాము. వాన నీరు రాళ్ల సందులలో నుండి బయటికి పోవాలని, సిమెంటు వేస్తే నీరు లోపల నిలిచి, పెద్ద వానకు కట్టు పగిలిపోతుందని అతడు చెప్పాడు. పొలము గట్టుకు తూము వదలే మన రైతుకు ఈ మాట వెంటనే అర్థమవుతుంది. ఈ రాతికట్టు విద్యను ఇటలీతో పాటు మరి ఏడు ఐరోపా దేశముల ఉమ్మడి వారసత్వముగా యునెస్కో 2018లో గుర్తించినది. దానిని మొదట నేర్చిన రైతుల పేర్లు మాత్రము ఏ పుస్తకములోనూ లేవు.

తోటలోనికి

తోట ద్వారము పైన రోడ్డు ప్రక్కన ఉన్నది. అక్కడ నుండి సముద్రము వరకు సుమారు 100 మీటర్ల లోతుకు దిగాలి. మొత్తము స్థలము 18 హెక్టారులు, అంటే మన లెక్కలో 44 ఎకరములకు పైమాటే. దిగేటప్పుడు హాయిగానే ఉంటుంది. తిరిగి ఎక్కేటప్పుడు మాత్రము మోకాళ్లు ప్రార్థన చేస్తాయి!

దిగుతూ ఉంటే ఒక్కొక్క మెట్టు ఒక్కొక్క దేశములా ఉన్నది. సైప్రస్ చెట్ల వరుస దాటగానే మెక్సికో దేశపు కిత్తనారలు. మన చేల గట్ల మీద తాళ్లకు నార తీసే కిత్తనారకు ఇవి అన్నదమ్ములే. కొన్ని మనిషి కంటె ఎత్తు. ఏండ్ల తరబడి ఆకులు పెంచుకొని, ఒకే ఒకసారి ఆకాశమునకు పూకాడ ఎత్తి, తరువాత చచ్చిపోతుంది ఆ మొక్క. ఎండిపోయిన ఒక కాడ ఇంకా నిలిచే ఉన్నది. దాని మొదట పిల్లమొక్కలు లేచి ఉన్నాయి. ఆ ప్రక్కన దక్షిణాఫ్రికా కలబందలు, అమెరికా నాగజెముళ్లు. ఇంకా దిగితే ఆస్ట్రేలియా నుండి వచ్చిన జామాయిల్ చెట్లు. నిమ్మ, నారింజ, దబ్బ జాతులకు వేరుగా ఒక భాగము. గాలి వీచినప్పుడల్లా పూల వాసనతో పాటు ఉప్పు వాసన కూడా వచ్చేది.

ఇన్ని దేశముల మొక్కలు అక్కడ ఎలా బ్రతుకుతున్నాయి? ఆ తీరమునకు వెనుక ఎత్తైన కొండలు గోడలా నిలిచి ఉత్తరపు చలిగాలిని ఆపుతాయి. ముందున్న సముద్రము చలికాలములో వెచ్చదనము ఇస్తుంది. మంచు కురవడము అరుదు. అయితే అక్కడి వేసవి ఎండు వేసవి. మనకు వానలు కురిసే జూన్, జూలై నెలలు వారికి చినుకు లేని కాలము. వానలు ఎక్కువగా పడేది ఆకురాలు కాలములో. కనుక చెట్టు నాటడము ఒక ఎత్తు, మొదటి వేసవులలో దానికి నీళ్లు మోయడము పది ఎత్తులు.

నాటినవాడు

ఈ తోటను మొదలుపెట్టినవాడు ఇటలీవాడు కాడు. ఆయన పేరు థామస్ హాన్‌బరీ. 1832లో లండనులో క్వేకరు కుటుంబములో పుట్టాడు. క్వేకరులు అనగా మౌనముగా కూడి ఆరాధించే, యుద్ధమును నిరాకరించే క్రైస్తవ సమాజము. ఇరవై ఒక్క ఏండ్ల వయస్సులో, 1853లో, ఆయన చైనాలోని షాంఘైకి వెళ్లి పట్టు, తేయాకు వ్యాపారములో స్థిరపడ్డాడు. 1867లో ఈ తీరమునకు వచ్చినప్పుడు, ఈ కొండకొమ్మును, దాని మీద పాడుపడిన పాత భవనమును చూచి ఇష్టపడి, ఆ సంవత్సరమే కొన్నాడు.

ఆయన అన్న డేనియెల్ ఔషధ మొక్కల పండితుడు. ఏ మొక్క ఎక్కడ నుండి తేవాలో, ఏది ఇక్కడ నిలుస్తుందో ఆలోచన చెప్పినది ఎక్కువగా అన్నగారే. ఆయన 1875లోనే చనిపోయాడు. తోట పని నడిపినవాడు లుడ్విగ్ వింటర్ అనే జర్మనీ దేశస్థుడు. ఇంగ్లీషువాడు కొన్న భూమిలో, జర్మనీవాడి ఆలోచనతో, ఇటలీ కూలీల చేతులతో, మెక్సికో, ఆఫ్రికా, ఆస్ట్రేలియా మొక్కలు! నాటినవన్నీ బ్రతకలేదు. బ్రతికినవాటి పట్టిక 1912లో అచ్చువేసినప్పుడు సుమారు 5,800 జాతులు లెక్కకు వచ్చాయి.

హాన్‌బరీ గూర్చి మాకు నచ్చిన సంగతి వేరొకటి ఉన్నది. ఆయన గేటు మూసుకొని తన తోటను తానే చూచుకొని మురిసినవాడు కాడు. తోటలో కాసిన విత్తనములను పొట్లములు కట్టించి, ప్రతి ఏటా వేలకొలదిగా లోకములోని తోటలకు పంపించేవాడు. గ్రామపు పిల్లలకు బడి పెట్టించాడు. జెనోవా విశ్వవిద్యాలయమునకు వృక్షశాస్త్ర భవనము కట్టించి ఇచ్చాడు. 1903లో ఇంగ్లండులోని విస్లీ అనే తోటను కొని అక్కడి రాజ ఉద్యానవన సంఘమునకు దానము చేశాడు. 1882లో విక్టోరియా రాణి లా మోర్తొలాకు వచ్చి ఈ తోటను చూచినది. 1907లో ఆయన ఇక్కడనే కన్నుమూశాడు. ఆయన చితాభస్మము, ఆయన భార్య చితాభస్మము తోటలోనే ఒక చిన్న మండపములో ఉన్నాయి.

ఆ మండపము దగ్గర నిలిచినప్పుడు యిర్మీయా 29వ అధ్యాయము మాకు జ్ఞాపకము వచ్చినది. బబులోనుకు చెరపట్టబడిన యూదులకు ప్రవక్త వ్రాసిన పత్రిక అది. పరదేశములోనే ఇండ్లు కట్టుకొని, తోటలు నాటుకొని వాటి ఫలములు తినమని, ఆ పట్టణపు క్షేమము కోరి దాని కొరకు ప్రార్థించమని దేవుడు వారితో చెప్పించాడు. హాన్‌బరీని ఎవరూ చెరపట్టలేదు, ఆయన చేతిలో డబ్బున్నది. అయినా పరదేశి ఒక ఊరికి భారము కాక, ఆశీర్వాదముగా ఉండగలడని ఆ తోట సాక్ష్యమిస్తున్నది.

కైసరు బాట

తోట నడుమ ఒక వింత ఉన్నది. రెండు గోడల మధ్య, పల్లములో, పాత బాట ఒకటి తోటను అడ్డముగా కోసుకొని పోతుంది. పైన చిన్న వంతెన. అది రోమీయుల బాట. క్రీస్తుపూర్వము 13లో ఔగుస్తు కైసరు వేయించినది. మన ప్రభువు జననకాలమున లోకమంతటికి ప్రజాసంఖ్య వ్రాయించుమని ఆజ్ఞ ఇచ్చినట్టు లూకా సువార్తలో చదువుతామే, ఆ కైసరే. సైన్యములు ఈ బాటన నడిచాయి. చక్రవర్తులు నడిచారు. యాత్రికులు, వర్తకులు, బిచ్చగాండ్రు నడిచారు. కైసరు పేరు ఇప్పుడు ఒక పలక మీద ఉన్నది. ఆయన ఆజ్ఞకు లోబడి బేత్లెహేముకు నడిచిన బీద దంపతుల బిడ్డను మాత్రము మనము ప్రతి ఆదివారము ఆరాధిస్తున్నాము.

నీళ్లు పోసినవారు

హాన్‌బరీ తరువాత కొడుకు, కోడలు తోటను చూచుకున్నారు. రెండవ ప్రపంచ యుద్ధములో సరిహద్దున ఉన్న పాపానికి ఆ తోట చాలా దెబ్బతిన్నది. యుద్ధము తరువాత అంత తోటను నిలబెట్టడము ఒక కుటుంబమునకు మోయరాని బరువయినది. 1960లో దానిని ఇటలీ ప్రభుత్వమునకు అమ్మారు. కొన్నాళ్లు ఆదరణ లేక పొదలు కమ్ముకున్నాయి. 1987 నుండి జెనోవా విశ్వవిద్యాలయము దానిని చూచుకుంటున్నది. ఈనాడు మనము చూచే తోట సగము హాన్‌బరీ నాటినది, సగము తరువాతివారు కాపాడినది. కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 3వ అధ్యాయములో నాటేవాని గూర్చి, నీళ్లు పోసేవాని గూర్చి, వృద్ధి కలుగజేసే దేవుని గూర్చి పౌలు చెప్పిన సంగతి ఇక్కడ కండ్లకు కట్టినది. సంఘములలో కూడా ఇంతే. గుడి కట్టిన మిషనెరీ పేరు రాతి పలక మీద ఉంటుంది. ఏండ్ల తరబడి ఆ గుడి ఊడ్చి దీపము వెలిగించిన అవ్వ పేరు దేవుని గ్రంథములోనే ఉంటుంది.

సరిహద్దు ఆవల, ఈవల

మరునాడు రైలులో సరిహద్దు దాటి ఫ్రాన్సులోని మెంటన్ పట్టణమునకు వెళ్లాము. లా మోర్తొలా నుండి అది కొద్ది కిలోమీటర్లే. ఈ పట్టణము పేరు మన పాస్టరుగార్లలో చాలామంది ఎరుగుదురు. ప్రసంగీకులలో పేరుపొందిన చార్లెస్ స్పర్జన్‌గారు కీళ్లవాతముతో బాధపడుతూ లండను చలిని తట్టుకోలేక ఎన్నో చలికాలములు ఇక్కడ గడిపారు. 1892 జనవరి 31న ఇక్కడనే ప్రభువునందు నిద్రించారు. రోగియైన ఒక పరదేశికి ఈ తీరము ఎండను, విశ్రాంతిని ఇచ్చినది.

అయితే ఆ రైలులో మేము చూచినది మరొకటి ఉన్నది. సరిహద్దు దాటగానే వచ్చిన మొదటి స్టేషనులో పోలీసులు ఎక్కారు. మా పాసుపోర్టులు చూచి మర్యాదగా తిరిగి ఇచ్చారు. వెనుక పెట్టెలో ఉన్న ఇద్దరు ఆఫ్రికా యువకులను దింపి తీసుకొనిపోయారు. రైలు కదిలినది. వారు ఎవరో, ఏ తల్లి బిడ్డలో మాకు తెలియదు.

2015లో ఫ్రాన్సు ఈ సరిహద్దున మరల తనిఖీలు మొదలుపెట్టినది. ఆ వేసవిలో, యుద్ధముల నుండి, కరువు నుండి సముద్రము దాటి బ్రతికి వచ్చినవారు ముందుకు పోలేక, తోటకు కొద్ది దూరములోనే, సముద్రపు బండల మీద నెలల తరబడి పడుకున్నారు. కొందరు కొండ మీది దారిన చీకటిలో దాటబోయారు. ఆ దారికి మరణపు కనుమ అని పేరు. 1938లో ఇటలీలో యూదులకు విరోధముగా చట్టములు వచ్చిన తరువాత ప్రాణము అరచేత పట్టుకొని యూదులు నడిచినది కూడా ఆ దారినే.

మేము ఎవరికీ తీర్పు తీర్చడానికి వ్రాయడము లేదు. సరిహద్దులు కాయడము ప్రభుత్వముల పని, అందులో చిక్కులున్నాయి. కానీ తోటలో మెక్సికో మొక్కకు రాతికట్టు కట్టి, మట్టి తెచ్చి, నీళ్లు మోసినది మనిషే. ఆ తోట దగ్గరలోనే మనిషికి మాత్రము బండ తప్ప చోటు లేకపోయినది. ఈ రెండు సంగతులు ప్రక్క ప్రక్కన పెట్టి చూడకుండా ఉండడము మా వల్ల కాలేదు.

చూచి ఊరుకోనివారు కూడా ఉన్నారు. వెంతిమీల్యాలో 2016లో ఒక రోమను కథోలిక గుడి తలుపులు తెరచి వందలమందికి పడక, భోజనము ఇచ్చినది. ఇటలీలోని మన ప్రొటెస్టెంటు సహోదరులు మరొక మార్గము వెదికారు. వారిలో వాల్డెన్సీయులు అనే పురాతన సంఘము ఉన్నది. పన్నెండవ శతాబ్దములో మొదలై, 1532లో సంస్కరణోద్యమములో చేరినవారు. విశ్వాసము నిమిత్తము తరుమబడి, 1687 చలికాలములో ఆల్ప్స్ పర్వతములు దాటి జెనీవా చేరినప్పుడు ఆ పట్టణము వారిని చేర్చుకున్నది. 1689లో తమ లోయలకు తిరిగి వచ్చారు. తమ పితరులు శరణార్థులని వారు మరచిపోలేదు. 2015 డిసెంబరులో వాల్డెన్సీ సంఘము, ఇటలీ ప్రొటెస్టెంటు సంఘముల సమాఖ్య, సంతెజీదియో అనే కథోలిక సమాజము కలిసి ప్రభుత్వముతో ఒడంబడిక చేసుకున్నాయి. దాని ప్రకారము లెబనోనులో తలదాచుకున్న సిరియా కుటుంబములను పడవలలో ప్రాణములు పోగొట్టుకోనియ్యక, వీసాతో, విమానములో ఇటలీకి తెచ్చారు. ఖర్చు సంఘములు భరించాయి. మొదటి రెండేండ్లలోనే సుమారు వెయ్యిమంది వచ్చారు. వారికి ఇల్లు చూపించి, భాష నేర్పించి, పిల్లలను బడిలో చేర్పించినది సంఘములే. చట్టమునకు లోబడి కూడా పరదేశికి తలుపు తెరువవచ్చునని వారు చూపించారు.

మన ఊరి చివర

ప్రియమైన చదువరులారా, ఇదంతా ఎక్కడో ఐరోపా సంగతి అనుకోవద్దు. మన కూరలో పడే మిరపకాయ, మన పెరటి జామ, మన గట్టు మీది నాగజెముడు అమెరికా ఖండము నుండి ఓడలెక్కి వచ్చినవే. వాటిని మనము పరాయివి అనడము మానివేసి ఎన్ని తరములయినది! కోనసీమ నుండి, కరీంనగర్ నుండి గల్ఫు దేశములకు వెళ్లిన మన బిడ్డలు అక్కడ పరదేశులే. వారి యజమాని కనికరము కలవాడై ఉండాలని మనము రాత్రింబగళ్లు ప్రార్థిస్తున్నాము. అదే సమయములో ఒడిషా నుండి ఇటుక బట్టీలకు వచ్చి మన ఊరి చివర గుడిసెలు వేసుకున్న కుటుంబములున్నాయి. వారి పిల్లలు బడికి పోతున్నారో లేదో మనకు తెలుసా? వారిలో ఎవరికైనా జ్వరము వస్తే తలుపు తట్టడానికి వారికి ఒక ఇల్లు ఉన్నదా?

లేవీయకాండము 19వ అధ్యాయములో దేవుడు ఇశ్రాయేలీయులకు ఇచ్చిన ఆజ్ఞకు ఒక కారణము కూడా చెప్పాడు. పరదేశిని మీలో పుట్టినవానివలె చూడుడని చెప్పి, ఐగుప్తులో మీరును పరదేశులై యుంటిరి గదా అని జ్ఞాపకము చేశాడు. ప్రభువైన యేసు కూడా పసిబిడ్డగా ఆ ఐగుప్తులోనే తలదాచుకున్నాడు.

గొప్ప తోటలు నాటే స్తోమత మనలో చాలామందికి లేదు. అయినా రాతికట్టు ఒక్కొక్క రాయి పేర్చగానే లేస్తుంది. వచ్చే ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత, ఇంటికి పోయే దారి కొంచెము మార్చుకొని, బట్టీ ప్రక్కనున్న ఆ గుడిసెల దగ్గర ఆగుదాము. ముందుగా వారి పిల్లల పేర్లు అడుగుదాము. అందుకు కావలసిన ప్రేమను ప్రభువు మనకందరికీ అనుగ్రహించును గాక. ఆమేన్.